వారానికి 12 గంటలు మిషనుకు, 156 గంటలు మనకు
డయాలసిస్ చేయించుకునేవారికీ, వారి ఇంటివారికీ ఒక వ్యాయామ పాఠం



ఈ పాఠం డయాలసిస్ చేయించుకుంటున్నవారి కోసం. అంతకంటే ఎక్కువగా, వారిని ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవారి కోసం.

కొంతకాలం క్రితం మిరప, పత్తి సాగు చేసే ఒక పెద్దాయనను ఇద్దరు కొడుకులు ఆటోలో నుండి ఎత్తుకుని మా వరండాలోకి తీసుకువచ్చారు. వయసు అరవై లోపే. ఏడాది నుండి డయాలసిస్ మీద ఉన్నారు. "నడవలేరా?" అని అడిగాము. పెద్ద కొడుకు కొంచెం గర్వంగానే చెప్పాడు: "ఏడాదిగా నాన్నను ఒక్క పని చేయనివ్వలేదు సిస్టరమ్మా. మంచం దిగనివ్వలేదు. అన్నం కూడా మంచం దగ్గరికే." పెద్దాయన మాత్రం మా వైపు చూసి, "ఇప్పుడు నా కాళ్ళు నా మాట వినటం లేదమ్మా" అన్నారు.

ఆ బిడ్డల ప్రేమలో లోటు లేదు. కాని ఆ కాళ్ళ బలాన్ని కిడ్నీ జబ్బు ఒక్కటే తీసుకోలేదు, మంచం కూడా తీసుకున్నది. ఇందులో మా తప్పు కూడా ఉన్నది. మేము నర్సింగు నేర్చుకున్న రోజులలో రెస్టు అనే మాట మందుతో సమానం. ఆ అలవాటుతోనే చాలా ఏళ్ళు డయాలసిస్ రోగులను ఇంటికి పంపేటప్పుడు "బాగా రెస్టు తీసుకోండి" అని చెప్పి పంపాము. ఎంతసేపు, ఏ రోజు, ఎందుకు అనేది చెప్పలేదు. విన్నవారు దానిని "ఇక లేవవద్దు" అని అర్థం చేసుకున్నారు. ఆ మాటను సరిదిద్దవలసినది మేమే గనుక ఈ పాఠం రాస్తున్నాము.

ముందు చిన్న లెక్క చూడండి. వారానికి 168 గంటలు. వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ జరిగితే 12 గంటలు మిషనుకు పోతాయి. మిగిలినవి 156 గంటలు. ప్రయాణానికీ, నిద్రకూ పోగా ఇంకా చాలా మిగులుతుంది. డయాలసిస్ మనిషిని బ్రతికించి ఉంచుతుంది. ఆ బ్రతుకు ఎలా గడుస్తుందో చాలావరకు ఈ 156 గంటల మీద ఆధారపడి ఉంటుంది.

నీరసం ఎక్కడి నుండి వస్తుంది?

ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు, అంటే కిడ్నీలు, రాత్రింబగళ్ళు పని చేస్తాయి. మలినాలను, ఎక్కువైన నీటిని బయటికి పంపుతాయి. రక్తం తయారు కావటానికి అవసరమైన ఒక హార్మోనును ఇస్తాయి. ఎముకలను గట్టిగా ఉంచే విటమిన్ డి పని చేసేటట్లు చూస్తాయి. డయాలసిస్ మిషను వీటిలో మొదటి పనిని మాత్రమే, అదీ కొంతవరకే చేయగలదు. అందుకే రక్తం పెరగటానికి ఇంజెక్షన్లు, ఎముకలకు మాత్రలు వేరుగా ఇస్తారు.

నీరసానికి కారణాలు ఇవి:

1. రక్తహీనత. హిమోగ్లోబిన్ తగ్గినప్పుడు కండరాలకు ప్రాణవాయువు సరిగా అందదు.
2. మాంసకృత్తుల లోటు. జబ్బు వలన ఆకలి తగ్గుతుంది. డయాలసిస్‌లో కూడా కొంత మాంసకృత్తుల సారం బయటికి పోతుంది.
3. మలినాల వలన కండరం కరిగిపోవటం.
4. రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో చేరే నీరు. దాని వలన ఆయాసం.
5. కదలకపోవటం.

మొదటి నాలుగింటికి డాక్టరుగారి సహాయం కావాలి. అయిదవది మన చేతిలో ఉన్నది. వాడని కొడవలికి తుప్పు పట్టినట్లే వాడని కండరం సన్నబడుతుంది. సన్నబడితే లేవటం కష్టమవుతుంది, కష్టమని లేవకపోతే ఇంకా సన్నబడుతుంది. ఈ గిరక ఎక్కడో ఒకచోట ఆగాలి.

బ్రతికించిన మిషను, తరువాత వచ్చిన ప్రశ్న

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, హాలండు దేశంలో విల్లెం కోల్ఫ్ అనే డాక్టరుగారు సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక పీపా చుట్టూ చుట్టి డయాలసిస్ మిషను తయారు చేశారు. దాని వలన ప్రాణం దక్కిన మొదటి రోగి 67 ఏళ్ళ స్త్రీ. అది 1945 సంవత్సరం. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ గారు రోగి చేతిలో శాశ్వతంగా ఉంచదగిన గొట్టం కనిపెట్టారు. అప్పటి నుండే పదే పదే డయాలసిస్ చేయటం సాధ్యమైంది. ఆయన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ ఆ తరువాత 11 సంవత్సరాలు జీవించారు. నేడు మన చేతికి వేసే ఫిస్టులా ఆపరేషనును 1966లో న్యూయార్కు డాక్టర్లు లోకానికి తెలియజేశారు. మన దేశంలో 1971లో వేలూరు సి.ఎం.సి. మిషను ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడి విజయవంతంగా జరిగింది.

మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వలన, 2016లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం వలన పేదవారికి కూడా ఈ చికిత్స అందుబాటులోకి వచ్చింది. ఒకప్పుడు పొలం అమ్మినా దొరకని చికిత్స ఇది. అందుకు కృతజ్ఞులమై ఉండాలి. అయితే మనిషి సంవత్సరాల తరబడి జీవిస్తున్నప్పుడు, "బ్రతికి ఉన్నారా?" అని అడిగితే చాలదు, "ఎలా బ్రతుకుతున్నారు?" అని కూడా అడగాలి. తన కాళ్ళ మీద తాను లేవగలుగుతున్నారా? రాత్రి ఎవరినీ లేపకుండా బాత్‌రూముకు వెళ్ళగలుగుతున్నారా? బస్సు మెట్టు ఎక్కగలుగుతున్నారా? ఆరాధనలో చాప మీద కూర్చుని మళ్ళీ లేవగలుగుతున్నారా? జీవన నాణ్యత అని పుస్తకాలలో రాసేది ఇదే.

వ్యాయామం వలన నిజంగా మేలు ఉన్నదా?

వేర్వేరు దేశాలలో డాక్టర్లు ఈ సంగతి పరీక్షించి చూశారు. మూడు పరిశోధనలు చెబుతాము.

ఇటలీలో 296 మంది డయాలసిస్ రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టువారు డయాలసిస్ లేని రోజులలో ఇంటి దగ్గరే, రోజుకు రెండుసార్లు పది పది నిమిషాలు నడిచారు. రెండవ జట్టువారు మామూలుగా ఉన్నారు. ఆరు నెలల తరువాత, ఆరు నిమిషాలలో ఎంత దూరం నడవగలరో కొలిచారు. నడిచిన జట్టు సగటు 328 మీటర్ల నుండి 367 మీటర్లకు పెరిగింది. నడవని జట్టు 321 నుండి 324 దగ్గరే ఆగింది. ఈ ఫలితాలు 2017లో ప్రచురించారు. ఇందులో మిషన్లు లేవు, ఖర్చు లేదు. ఇంటి ముందు నడక మాత్రమే.

జర్మనీలో 2023లో ప్రచురించిన పరిశోధనలో 900 మందికి పైగా రోగులను ఒక సంవత్సరం గమనించారు. ఒక జట్టుచేత డయాలసిస్ జరుగుతుండగానే పడుకుని వ్యాయామం చేయించారు. ఒక నిమిషంలో కుర్చీలో నుండి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టారు. మొదట్లో రెండు జట్లూ సగటున 16 సార్లు. ఏడాది తరువాత వ్యాయామం చేసినవారు 19 సార్లకు చేరారు. చేయనివారు 15 కంటే తగ్గిపోయారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఊరికే ఉన్నవారు ఉన్నచోట ఉండలేదు, వెనక్కి పోయారు.

మూడవది ఇంగ్లండు దేశపు పరిశోధన, 2021లో వచ్చింది. డయాలసిస్ సమయంలో సైకిలు తొక్కించి ఆరు నెలలు చూశారు. జీవన నాణ్యత మార్కులలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఇది కూడా మీకు చెప్పటం మా ధర్మం. వ్యాయామం మహిమ కాదు. అందరికీ ఒకేలా పని చేయదు. విడవకుండా చేస్తే కాళ్ళ బలం, నడక బాగుపడతాయని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చును. కిడ్నీ నయమవుతుందని, క్రియాటినిన్ తగ్గుతుందని చెప్పేవారిని నమ్మవద్దు.

మన పడమటి ప్రాంతపు సంగతి

మన దేశంలో ఫ్లోరైడు జబ్బు గురించి డాక్టర్లు మొదట రాసినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా రోగులను చూసి. నేడు మనకు పొరుగున ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ఆ రోజులలో నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అవి ఇటు చేరాయి. మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు జిల్లా నుండి వచ్చింది. తరతరాలుగా బోరునీళ్ళు తాగిన ఊళ్ళలో నడుము వంగనివారిని, మెడ తిప్పలేనివారిని మీరందరూ చూసే ఉంటారు.

ఒంట్లో చేరిన ఫ్లోరైడును బయటికి పంపేది ముఖ్యంగా కిడ్నీలే. అవి పాడైతే ఫ్లోరైడు ఎముకలలో మరింత నిలిచిపోతుంది. కనుక మన ప్రాంతంలో డయాలసిస్ రోగికి వ్యాయామం చెప్పేటప్పుడు నడుము, మోకాళ్ళు, మెడ ఎలా ఉన్నాయో ముందు చూడాలి. కీళ్ళు బిగుసుకుపోయినవారు బలవంతంగా వంగకూడదు. మెడను గట్టిగా తిప్పకూడదు. ఇతరులచేత కాళ్ళు చేతులు లాగించుకోవటం, నాటు పద్ధతిలో విరిపించుకోవటం అసలే వద్దు. ఎముకలు పెళుసుగా ఉంటాయి. కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం, చదును నేల మీద నడక వీరికి తగినవి. తాగటానికి ఫ్లోరైడు లేని నీళ్ళు మాత్రమే వాడాలి.

రెండవ సంగతి ఎండ. వేసవిలో మన రాళ్ళ నేల ఎలా కాలుతుందో చెప్పనక్కరలేదు. ఎండాకాలం ఉదయం ఏడు లోపల, లేదా సాయంత్రం పొద్దు వాలిన తరువాత మాత్రమే నడవాలి. మూడవది ప్రయాణం. డయాలసిస్ కోసం కొందరు ఒంగోలు, గుంటూరు వరకు కూడా పోయి వస్తున్నారు. ఆ రోజు ప్రయాణమే పెద్ద అలసట. ఆ రోజు ఇంటికి వచ్చాక నిజంగానే రెస్టు కావాలి. మేము వద్దనేది మిగిలిన రోజుల మంచాన్ని.

మొదలుపెట్టే ముందు

డాక్టరుగారిని అడగకుండా మొదలుపెట్టవద్దు. గుండె పరీక్ష, హిమోగ్లోబిన్, పొటాషియం, బి.పి. చూసి వారు సరే అన్న తరువాతే చేయాలి. ఈ కింది రోజులలో వ్యాయామం మానాలి:

– డయాలసిస్ తప్పిపోయిన రోజు
– ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, కాళ్ళవాపు ఎక్కువగా ఉన్న రోజు
– జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్న రోజు
– బి.పి. పై అంకె 180 గాని కింది అంకె 110 గాని దాటినప్పుడు, లేదా పై అంకె 100 కంటే తగ్గినప్పుడు
– షుగరు 250 దాటినప్పుడు
– ఫిస్టులా చేతిలో నొప్పి, ఎరుపు, వాపు ఉన్నప్పుడు

వారంలో ఒకసారి రెండు రోజుల ఎడం వస్తుంది. ఆ ఎడం చివరలో ఒంట్లో నీరు, పొటాషియం ఎక్కువగా ఉంటాయి. కొత్త వ్యాయామం ఆ పూట మొదలుపెట్టవద్దు. తొడ దగ్గర గొట్టం ఉన్నవారు కాళ్ళ వ్యాయామం చేయకూడదు. మెడ దగ్గర గొట్టం ఉన్నవారు నడవవచ్చును గాని చెమటకు కట్టు తడవకుండా చూసుకోవాలి.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు, మంచం మీద: చాలాకాలంగా పడుకుని ఉన్నవారికి. పాదాలను పైకీ కిందికీ 20 సార్లు ఆడించండి. మడమ పరుపు మీద జారుస్తూ మోకాలు మడిచి చాపండి, ఒక్కొక్క కాలు 10 సార్లు. మోకాలి కింద దుప్పటి చుట్ట పెట్టి, కాలు నిటారుగా చాపి, అయిదు లెక్కపెట్టేవరకు ఉంచి దించండి, 10 సార్లు. ఉదయం, సాయంత్రం చేయాలి. ఊపిరి బిగబట్టకూడదు.

రెండవ మెట్టు, కుర్చీలో: చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. కూర్చుని, నడుస్తున్నట్లు మోకాళ్ళను ఒకదాని తరువాత ఒకటి ఎత్తండి, 20 సార్లు. తరువాత కుర్చీలో నుండి లేచి నిలబడి మెల్లగా కూర్చోండి. మొదట అయిదుసార్లు చాలు. కుర్చీ చేతులు పట్టుకుని లేచినా పరవాలేదు. పక్కన ఒకరు నిలబడాలి. పట్టుకుని లేపకూడదు, పడకుండా మాత్రమే చూడాలి.

మూడవ మెట్టు, నడక: మొదటి వారం డయాలసిస్ లేని రోజులలో రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి అయిదు నిమిషాలు. అదీ కష్టమైతే రెండు నిమిషాల చొప్పున నాలుగుసార్లు. తరువాత వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచుతూ పది నిమిషాలకు రండి. అక్కడ కుదురుకున్నాక పదిహేనుకు పోవచ్చును. రోజుకు మొత్తం అరగంట చేరితే చాలా మంచిది. కాళ్ళకు చెప్పులు తప్పనిసరి. షుగరు ఉన్నవారు నడక అయ్యాక అరికాళ్ళు చూసుకోవాలి. పొక్కు కనబడితే అదే రోజు చూపించాలి.

నాలుగవ మెట్టు, చేతులు: ఫిస్టులా లేని చేతితో అర లీటరు నీళ్ళ సీసా పట్టుకుని మోచేయి మడిచి చాపండి, 10 సార్లు. ఫిస్టులా చేతికి ఆపరేషను పుండు మానిన తరువాత, డాక్టరుగారు చెప్పినప్పుడు మెత్తని రబ్బరు బంతి నొక్కాలి. ఆ చేతికి నాడి బలపడటానికి వారాలు పడుతుంది. ఆ చేతితో బిందెలు, బియ్యం బస్తాలు మోయకూడదు. బిగుతు గాజులు, గడియారం వద్దు. ఆ చేయి తలకింద పెట్టుకుని పడుకోవద్దు. ప్రతి రోజూ వేళ్ళు ఆనించి జుమ్మని కొట్టుకుంటున్నదో లేదో చూసుకోండి. ఆ కదలిక ఆగితే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

డయాలసిస్ జరుగుతుండగా కూడా, మొదటి రెండు గంటలలో, నర్సును అడిగి మొదటి మెట్టు వ్యాయామాలు చేయవచ్చును. ఆ తరువాత బి.పి. పడిపోయే అవకాశం ఎక్కువ. సూదులున్న చేయి కదపకూడదు.

ఎంత చేస్తే సరిపోయినట్లు?

దీనికి గడియారం, మిషను అక్కరలేదు. నడుస్తూ పక్కనున్నవారితో మాట్లాడగలగాలి, కాని కీర్తన పాడలేకపోవాలి. ఆ వేగం సరైనది. హాయిగా పాడగలిగితే కొంచెం పెంచండి. మాట తెగిపోతుంటే తగ్గించండి. ఆపిన తరువాత పావుగంటలో ఊపిరి మామూలు కావాలి. మరునాడు కూడా ఒళ్ళు హూనంగా ఉంటే మోతాదు ఎక్కువైందని అర్థం.

నెలకొకసారి, ఒక నిమిషంలో కుర్చీలో నుండి ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో గోడ మీది క్యాలెండరులో రాసుకోండి. నాలుగైనా, ఏడైనా సిగ్గుపడవద్దు. పక్కింటివారి అంకెతో పోల్చుకోవద్దు. మీ పోయిన నెల అంకెతో పోల్చుకోండి.

ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్ళు తిరగటం, చల్లని చెమట, ఆగని ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపి కూర్చోండి. తగ్గకపోతే 108కి ఫోను చేయండి. కండరాలు ఒక్కసారిగా చచ్చుబడినట్లు అనిపిస్తే పొటాషియం పెరిగి ఉండవచ్చును. అది ప్రాణాపాయం. ఆసుపత్రికి రావాలి.

నీళ్ళ విషయంలో పొరపాటు చేయకండి

నడిచి వచ్చినవారికి మన ఇళ్ళలో ప్రేమతో కొబ్బరిబోండం కొట్టి ఇస్తారు. డయాలసిస్ రోగికి ఇది ప్రమాదం. కొబ్బరినీళ్ళలో పొటాషియం చాలా ఎక్కువ. అరటిపండు, సపోటా, బత్తాయి రసం, ఓ.ఆర్.ఎస్. పొట్లం నీళ్ళు కూడా డాక్టరుగారు చెప్పకుండా ఇవ్వకూడదు. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చును.

నడిచాము కదా అని చెంబుడు నీళ్ళు తాగకూడదు. రోజుకు మీకు చెప్పిన కొలతలోనే తాగాలి. ఆ కొలత నీళ్ళను ఉదయమే ఒక సీసాలో పోసుకోండి. దప్పిక వేస్తే నోరు పుక్కిలించి ఉమ్మివేయండి, లేదా చిన్న మంచుముక్క చప్పరించండి. అదీ లెక్కలోకే వస్తుంది. ఊరగాయ, ఉప్పుచేప, అప్పడం తగ్గిస్తే దప్పికే తగ్గుతుంది. షుగరు ఉన్నవారికి నడకలో వణుకు, చెమట వస్తే పండ్ల రసం కాకుండా రెండు మూడు చెంచాల పంచదార ఇవ్వాలి. అందుకే జేబులో చిన్న పంచదార పొట్లం ఉంచుకోండి.

ఇంటివారితో ఒక మాట

మేము గమనించిన సంగతి ఒకటి చెబుతాము. ఇంట్లో మగవారికి డయాలసిస్ వస్తే వారిని మంచం మీద కూర్చోబెడతారు. ఆడవారికి వస్తే, ఆసుపత్రి నుండి వచ్చిన సాయంత్రమే పొయ్యి దగ్గర నిలబడతారు. రెండూ తప్పే. మగవారిని మంచం దింపాలి. ఆడవారికి డయాలసిస్ రోజున వంట, నీళ్ళ బిందెలు తప్పించాలి. "ఇంటి పని చేస్తూనే ఉన్నాను కదా, నాకు వ్యాయామం దేనికి?" అని అక్కలు అడుగుతుంటారు. బరువు మోసి, పొగలో నిలబడి అలిసిపోవటం వేరు, ఒంటికి బలం కోసం తీరికగా పది నిమిషాలు నడవటం వేరు. ఆ పది నిమిషాలు వారికి ఇవ్వవలసినది ఇంటివారే.

రోగి చేయగలిగిన పని వారినే చేయనివ్వండి. స్నానానికి తువ్వాలు తానే తెచ్చుకోనివ్వండి. కూరగాయలు తరగటం, కోళ్ళకు గింజలు వేయటం, మనుమడిని బడి దగ్గర దించి రావటం చిన్న పనులే. వాటి వలన "నేను ఇంటికి భారం" అనే దిగులు కొంత తగ్గుతుంది. ఆ దిగులు చాలామందిలో ఉంటుంది, పైకి చెప్పరు. నిద్ర పట్టకపోవటం, తిండి మీద అయిష్టం, డయాలసిస్ మానేస్తాననటం దాని గుర్తులు. తిట్టవద్దు, మాతో చెప్పండి. రాత్రి కాళ్ళు నిలవనీయకుండా లాగుతున్నా చెప్పండి. దానికి మందు ఉన్నది.

సంఘములోనివారు చేయగల సహాయం కూడా ఉన్నది. పరామర్శకు వెళ్ళినప్పుడు మంచం పక్కన కూర్చుని "అయ్యో" అనటం కంటే, "రా అన్నా, అట్లా వీధి చివరిదాకా పోయి వద్దాం" అనండి. ఎవరైనా తోడు ఉంటే నడక ఆగదు.

ప్రభుత్వం 2024 జూలై నుండి ఎన్‌టీఆర్ భరోసా పేరున ఇస్తున్న పింఛనులో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయలు ఉన్నది. అందనివారు కాగితాలతో మీ సచివాలయంలో అడగండి. ఆ డబ్బులో కొంత రోగి తిండికి, ముఖ్యంగా గుడ్డు తెల్లసొన, చేప వంటి మాంసకృత్తులకు, ఎంత తినాలో డాక్టరుగారు చెప్పిన ప్రకారం వాడండి. తిండి లేని వ్యాయామం కండరం పెంచదు.

మమ్మల్ని అడిగే ప్రశ్నలు

ప్రశ్న: చెమట పట్టేటట్లు చేస్తే మలినాలు పోయి డయాలసిస్ తగ్గించవచ్చునా?
జవాబు: లేదు. చెమటలో పోయేది చాలా స్వల్పం. ఎంత బాగా నడిచినా ఒక్క డయాలసిస్ కూడా మానకూడదు.

ప్రశ్న: వయసు 70 దాటింది. ఇప్పుడు మొదలుపెట్టి ఏమి లాభం?
జవాబు: పడిపోకుండా ఉండటమే పెద్ద లాభం. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేవటం చాలా కష్టం. మొదటి రెండు మెట్లు మీకు చాలు.

ప్రశ్న: కిడ్నీ మార్పిడి కోసం జీవన్‌దాన్‌లో పేరు ఇచ్చాము. అప్పటివరకు ఊరికే ఉండవచ్చునా?
జవాబు: ఊరికే ఉండవద్దు. ఆపరేషను తట్టుకుని త్వరగా కోలుకోవటానికి ఒంట్లో బలం కావాలి. ఎదురుచూసే కాలం బలం కూడబెట్టుకునే కాలం.

ప్రశ్న: రెండు వారాలు చేసి మానేశాము. మళ్ళీ ఎక్కడ నుండి మొదలుపెట్టాలి?
జవాబు: ఆపినచోట నుండి కాదు, ఒక మెట్టు కింద నుండి. మానినందుకు బాధపడవద్దు. ఇది అందరికీ జరిగేదే.

చివరిగా

మొదట చెప్పిన పెద్దాయన సంగతి అడుగుతారు గదా. డాక్టరుగారు చూసి, రక్తానికి ఇంజెక్షను, తిండి సరిచేసి, మొదటి మెట్టు చెప్పారు. మూడు వారాలు మంచం మీదనే. తరువాత కుర్చీ. మొదటి రోజు రెండుసార్లు లేచి ఏడ్చారు. మూడవ నెలలో కర్ర పట్టుకుని పశువుల కొట్టం దాకా పోయి వచ్చారట. ఆయన కిడ్నీలు బాగుపడలేదు. వారానికి మూడుసార్లు మిషను తప్పలేదు. మధ్యలో జ్వరం వచ్చి నెల రోజులు వెనక్కి కూడా పోయారు. అయినా మొన్న వచ్చినప్పుడు ఆటోలో నుండి తానే దిగారు. కొడుకు చేయి అందించబోతే, "ఉండరా, నన్ను దిగనీ" అన్నారు. కొడుకు చేయి వెనక్కి తీసుకున్నాడు, కాని పక్కనే నిలబడ్డాడు.

మీ ఇంటిలోనూ అలాగే చేయండి. రేపు డయాలసిస్ లేని రోజైతే, డాక్టరుగారు అనుమతి ఇచ్చి ఉంటే, పొద్దు ఎక్కకముందే అయిదు నిమిషాలతో మొదలుపెట్టండి. ఏ సందేహం ఉన్నా మా నర్సులను అడగండి. చేసి చూపిస్తాము.